విజయవాడ ఎండల్లో ఫుల్ మారథాన్ ట్రైనింగ్: పేస్ పడిపోయింది, ఏం చెయ్యాలి?

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంత వరకు ఇది: విజయవాడలో ఉంటారు, హాఫ్ మారథాన్‌లు చేశారు, ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో మొదటిసారి ఫుల్‌కి, అంటే 42.2 కిలోమీటర్లకి, పేరిచ్చారు, జనవరిలో కిలోమీటరు 6:15లో హాయిగా వెళ్ళేవాళ్ళు ఇప్పుడు ఏప్రిల్ నెలాఖరుకి 7 నిమిషాలు పట్టినా హార్ట్ రేట్ 170 చూపిస్తోంది. ఫిట్‌నెస్ పోయిందా, ట్రెడ్‌మిల్‌కి మారిపోవాలా, సాయంత్రం పరిగెత్తొచ్చా, నీళ్ళూ ఉప్పూ ఎంత తీసుకోవాలి, ఇవి మీ డౌట్లు.

ఫిట్‌నెస్ ఎక్కడికీ పోలేదండి. వాచ్‌లో పేస్, అంటే కిలోమీటరుకి పట్టే టైము, చూడటం ఈ రెండు నెలలు ఆపేయండి, మిగతాదంతా దాని తర్వాతే. నేను ఇక్కడే చాలా ఏళ్ళుగా పరిగెడుతున్నా, కొత్తవాళ్ళకి ట్రైనింగ్ కూడా ఇస్తున్నా, ప్రతి ఏప్రిల్‌లోనూ ఇదే ప్రశ్న వస్తుంది, ప్రతిసారీ భయపడి పేస్ కోసం తన్నుకునేవాళ్ళే మే నెలాఖరుకి మోకాలో, జ్వరమో, విసుగో వచ్చి ఆగిపోతారు. నెమ్మదిగా ఓపిగ్గా లాగినవాళ్ళు జూలైలో వాన పడ్డాక చూస్తే వాళ్ళకే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఎందుకు స్లో అవుతున్నారో ముందు చెప్తా, ఇది అర్థమైతే సగం టెన్షన్ పోతుంది. పరిగెత్తేటప్పుడు ఒంట్లో ఖర్చయ్యే ఎనర్జీలో సుమారు నాలుగింట మూడొంతులు వేడి కిందే పోతుంది, ఆ వేడి బయటికి పోవాలంటే రక్తం చర్మం దాకా రావాలి, కండరాలకి కూడా అదే రక్తం కావాలి. ఒకే మోటారుతో రెండు పొలాలకి నీళ్ళు పెడితే ఎలా ఉంటుందో అలా అన్నమాట, మోటారు ఎక్కువ తిరగాల్సిందే. దానికి తోడు చెమట రూపంలో నీళ్ళు పోయేకొద్దీ రక్తం పరిమాణం తగ్గుతుంది, గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు పంపే రక్తం తగ్గుతుంది, అందుకే అదే పేస్‌లో వెళ్తున్నా గంట దాటాక హార్ట్ రేట్ దానంతట అదే పైకి పాకుతుంది. అది మీ లోపం కాదు, ఒళ్ళు చెయ్యాల్సిన పని చేస్తోంది.

ఇంకోటి, మన కోస్తాలో అసలు శత్రువు ఎండ కన్నా ఉక్కపోత. తెల్లవారుజామున 4:30కి లేచి వెళ్తున్నాం, ఎండే లేదు కదా, మరి ఎందుకింత ఆయాసం అని అందరూ అడుగుతారు. ఆ టైములో టెంపరేచర్ తక్కువే కానీ గాల్లో తేమ రోజు మొత్తంలో ఎక్కువ ఉండేది అప్పుడే. చెమట పట్టడం వల్ల ఒళ్ళు చల్లబడదు, పట్టిన చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది, కారిపోయి బూట్లలోకి దిగిన చెమట వల్ల నీళ్ళు పోవడమే తప్ప లాభం లేదు. అందుకే వెదర్ యాప్‌లో టెంపరేచర్ కాకుండా డ్యూ పాయింట్ (గాల్లో ఎంత తేమ ఉందో డిగ్రీల్లో చెప్పే అంకె) చూడటం అలవాటు చేసుకోండి, 15 లోపు ఉంటే హాయి, 20 దాటితే బరువు మొదలు, 24 దాటితే ఈజీ రన్ తప్ప ఇంకేమీ పెట్టుకోవద్దు. మే నెలలో మన దగ్గర 24, 25 దాటడం మామూలే. హైదరాబాద్‌లో ఉన్న మీ ఫ్రెండ్ మేలో 6:20లో పరిగెత్తానని స్ట్రావా రన్నింగ్ యాప్‌లో పెడితే చూసి కుమిలిపోకండి, అక్కడ వేసవిలో గాలి పొడిగా ఉంటుంది, చెమట ఆరుతుంది, ఇక్కడ ఆరదు.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ 2019 దోహా వరల్డ్ ఛాంపియన్‌షిప్స్. ఆడవాళ్ళ మారథాన్ ఎండకి భయపడి అర్ధరాత్రి పెట్టారు, అయినా 32 డిగ్రీల దగ్గర వేడి, 70 శాతం పైన తేమ, స్టార్ట్ లైన్‌లో 68 మంది ఉంటే పూర్తి చేసింది 40 మంది. గెలిచిన కెన్యా రన్నర్ అదే ఏడాది జనవరిలో దుబాయ్‌లో 2 గంటల 17 నిమిషాలకి పూర్తి చేసిన మనిషి, దోహాలో ఆమెకి 2 గంటల 32 నిమిషాలు పట్టింది. ప్రపంచంలో టాప్ రన్నర్‌కే ఉక్కపోత 15 నిమిషాలు తినేస్తే మనకి కిలోమీటరుకి 45 సెకన్లు పోవడంలో వింతేముంది చెప్పండి.

మంచి విషయం ఏంటంటే ఒళ్ళు అలవాటు పడుతుంది. రోజూ గంటకి అటూఇటూ వేడిలో ఈజీగా పరిగెడితే 10 నుంచి 14 రోజుల్లో చాలా మార్పు వస్తుంది: రక్తంలో ప్లాస్మా, అంటే నీటి భాగం, పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, అదే పేస్‌కి హార్ట్ రేట్ దిగుతుంది. కానీ రెండు మూడు వారాలు మానేస్తే ఈ అలవాటు కూడా పోతుంది, మళ్ళీ మొదటికి. అందుకే మే అంతా ట్రెడ్‌మిల్ మీదకి వెళ్ళిపోతా అంటే నేను ఒప్పుకోను. వారానికి ఒక్కసారి, అది కూడా ఏదైనా స్పీడ్ పని చెయ్యాలనుకుంటే మాత్రం ఏసీ జిమ్‌లో ట్రెడ్‌మిల్ బెస్ట్, ఎందుకంటే ఆ వేడిలో బయట టెంపో (నిలకడగా వేగంగా పరిగెత్తడం) చేస్తే కాళ్ళకి కావలసిన స్పీడ్ రాకముందే గుండె చేతులెత్తేస్తుంది. కాళ్ళ పని లోపల, వేడి పని బయట, ఇలా విడదీసుకోండి. పగలు ఏసీ ఆఫీసులో ఉంటే అలవాటు పడదేమో అని కొందరు రాత్రి ఏసీ కూడా కట్టేసి పడుకుంటారు, అలా చెయ్యకండి, నిద్ర సరిగ్గా లేకపోతే ఏ ట్రైనింగూ ఒంటికి పట్టదు. 4 గంటలకి లేవాలంటే 9 కల్లా పడుకోవాలి, మధ్యాహ్నం కుదిరితే అరగంట కునుకు.

సాయంత్రం పరిగెత్తొచ్చా అన్నారు. మేలో సాయంత్రం 6కి తారు రోడ్డు పగలంతా తాగిన వేడి కక్కుతూ ఉంటుంది, బందరు రోడ్డు మీద అయితే దానికి బస్సుల పొగ అదనం. అలవాటు కోసం వారంలో ఒకరోజు 30, 40 నిమిషాలు బాగా నెమ్మదిగా వెళ్ళొచ్చు, అంతకు మించి వద్దు. మధ్యాహ్నం ఎండలో పరిగెత్తి గట్టిపడతాం అనే ఆలోచన అసలు పెట్టుకోవద్దు.

ఇప్పుడు ప్లాన్. మీ రేస్ ఆగస్టు చివర్లో, అంటే మీకు దాదాపు 17 వారాలున్నాయి. మామూలు ఇంటర్నెట్ ప్లాన్‌లు చల్లటి దేశాల వాళ్ళు రాసినవి, వాటిని దించేస్తే కష్టమైన వారాల్లో కొన్ని సరిగ్గా రోహిణి కార్తెలో వచ్చి పడతాయి, రోళ్ళు పగిలే ఎండ అని పెద్దలు ఊరికే అనలేదు. మే 25 నుంచి జూన్ 7 దాకా కిలోమీటర్లు పెంచే ఆలోచనే వద్దు, ఉన్నవి నిలబెట్టుకుంటే చాలు. మృగశిర వచ్చింది కదా అని జూన్ 8న ఒక్కసారిగా ఎగబడకండి, నైరుతి లేటైతే మన కోస్తాలో జూన్ మూడో వారం దాకా వడగాలులు వీస్తూనే ఉంటాయి.

కాబట్టి మే నెల మొత్తం వారానికి నాలుగు రోజులు, బయట చేసేవన్నీ ఈజీ, పక్కన ఎవరైనా ఉంటే పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత ఈజీ. మాట తెగుతుంటే నడవండి. నడవడం గురించి మనవాళ్ళకి నామోషీ ఎక్కువ, కానీ 9 నిమిషాలు పరుగు ఒక నిమిషం నడక పద్ధతిలో వేసవి లాంగ్ రన్ (వారంలో అన్నిటికన్నా పొడవైన పరుగు) చేస్తే హార్ట్ రేట్ అదుపులో ఉంటుంది, తాగిన నీళ్ళు కడుపులో నిలవకుండా దిగుతాయి, మర్నాడు ఆఫీసులో మనిషిలా ఉంటారు. లాంగ్ రన్‌ని కిలోమీటర్లలో కాకుండా టైములో లెక్కపెట్టండి: మేలో రెండు గంటలు, మహా అయితే రెండుంబావు. అందులో 16 అవుతుందో 18 అవుతుందో పట్టించుకోవద్దు. ఇంకొంచెం కావాలనిపిస్తే శనివారం గంట, ఆదివారం రెండు గంటలు అని విడగొట్టండి, అలసిన కాళ్ళతో పరిగెత్తడం ఎలాగో వస్తుంది, ఒక్క రోజులో మూడు గంటలు వేడిలో ఉండే రిస్క్ ఉండదు. జూన్ రెండో సగం నుంచి మెల్లగా పెంచుతూ అసలైన పెద్ద లాంగ్ రన్‌లు, 26, 28, 30, కుదిరితే ఒక్క 32 కిలోమీటర్లు, ఇవన్నీ జూలైలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ పెట్టుకోండి. ప్రతి నాలుగో వారం కాస్త తగ్గించండి. చివరి రెండు మూడు వారాలు టేపర్, అంటే రేస్ ముందు పరుగు తగ్గించుకుంటూ రావడం.

వారంలో రెండుసార్లు 25 నిమిషాలు స్ట్రెంత్, అంటే స్క్వాట్లు, లంజెస్, కాఫ్ రైజెస్, ప్లాంక్, ఇంటి దగ్గరే. దీన్ని వదిలేయొద్దు.

రూట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎండాకాలంలో రూటే సగం ప్లాన్. ఊరవతలకి 10 పోయి 10 రావడం పెట్టుకోకండి, 8 దగ్గర ఏదైనా తేడా వస్తే వెనక్కి రావడానికి 8 ఉంటుంది. చిన్న లూప్ పెట్టుకోండి. సీతానగరం వైపు కరకట్ట మీద 4, 5 కిలోమీటర్ల లూప్ ఒకటి అనుకుని బండి ఒకచోట పెట్టి, డిక్కీలో రెండు బాటిళ్ళు, ఒక ఫ్లాస్క్ నిండా ఐసు, రెండు పెద్ద చేతిరుమాళ్ళు పెట్టుకోండి. ప్రతి లూప్‌కీ బండి దగ్గర ఒక నిమిషం ఆగి తాగడం, రుమాల్లో నాలుగు ఐసు ముక్కలు వేసి పొడుగ్గా చుట్టి మెడ చుట్టూ కట్టుకోవడం. ముడి ముందుకి, ఐసు మెడ వెనక్కి రావాలి. అది కరిగి వీపు మీద కారుతూ సుమారు 20 నిమిషాలు ఉంటుంది, మళ్ళీ బండి వచ్చేస్తుంది. ఇది చేసినవాళ్ళకీ చెయ్యనివాళ్ళకీ రెండో గంటలో తేడా కళ్ళకి కనిపిస్తుంది. కాటన్ బనియన్ వద్దు, తడిసి అతుక్కుని బరువెక్కి రాపిడి పెడుతుంది, పల్చటి డ్రై ఫిట్ వేసుకోండి, తొడల మధ్య, చంకల్లో, చనుమొనల దగ్గర వాజలీన్ బాగా రాయండి. వేసవిలో సాక్స్ పూర్తిగా తడుస్తాయి కాబట్టి రెండు గంటలు దాటే రోజున బండిలో ఇంకో జత సాక్స్ పెట్టుకుంటే బొబ్బలు రావు.

హైదరాబాద్ కోర్సు విజయవాడలా చదును కాదు, నెక్లెస్ రోడ్డు నుంచి బయల్దేరాక ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ వైపు ఎత్తుపల్లాలు, ఆఖర్న గచ్చిబౌలి దాకా ఎక్కుతూ దిగుతూనే ఉంటుంది. అందుకని జూన్ నుంచి వారానికోసారి కనకదుర్గ ఫ్లైఓవర్‌నో బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్‌నో వాడుకోండి, ఎక్కడం నెమ్మదిగా, దిగడం అదుపుగా. ట్రాఫిక్ మొదలవకముందే ముగించాలి, వెనక రెడ్ లైట్, రిఫ్లెక్టర్ బెల్ట్ తప్పనిసరి.

ఇక నీళ్ళు. రోజుకి ఇన్ని లీటర్లు తాగండి అని అందరికీ ఒకటే అంకె చెప్పేవాళ్ళని నమ్మకండి. మీ చెమట మీరే కొలుచుకోండి, చాలా తేలిక. పరుగుకి ముందు బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చి బట్టల్లేకుండా బరువు చూసుకోండి. రన్ అయ్యాక ఒళ్ళు టవల్‌తో బాగా తుడుచుకుని మళ్ళీ అలాగే చూసుకోండి. ఉదాహరణకి ముందు 74, తర్వాత 72.2, మధ్యలో అర లీటరు తాగారు, పరుగు గంటన్నర. తగ్గింది 1.8, తాగింది 0.5, మొత్తం 2.3 లీటర్లు గంటన్నరలో, అంటే గంటకి లీటరున్నర. ఇది ఏప్రిల్‌లో ఒకసారి, మేలో ఒకసారి, జూలైలో ఒకసారి చెయ్యండి, అంకెలు మారతాయి.

అయితే పోయిందంతా పరిగెడుతూనే తాగెయ్యాలి అనుకోవద్దు, కడుపు అంత తీసుకోదు, లోపల గుడగుడలాడుతుంది. గంటకి 500 నుంచి 800 మిల్లీలీటర్లు, 15, 20 నిమిషాలకోసారి కొంచెం కొంచెం. రన్ చివర బరువు 2 శాతం, మహా అయితే 3 శాతం లోపు తగ్గితే ఫర్వాలేదు. పొరపాటున కూడా బరువు పెరగకూడదు. పెరిగిందంటే అవసరానికి మించి తాగారని అర్థం, రక్తంలో సోడియం పలచబడిపోతుంది, అది ప్రాణం మీదకి తెచ్చే విషయం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్లకి రక్త పరీక్ష చేస్తే 13 శాతం మందికి సోడియం తక్కువున్నట్టు తేలింది. ముఖ్యంగా ఐదు గంటలు పట్టే మనలాంటి నెమ్మది రన్నర్లకి ఈ రిస్క్ ఎక్కువ, ఎందుకంటే ప్రతి స్టాల్ దగ్గరా ఆగి తాగే టైము మనకే ఉంటుంది.

ఉప్పు విషయానికొస్తే లీటరు చెమటలో సగటున ఒక గ్రాము సోడియం పోతుంది, మనిషిని బట్టి చాలా తేడా ఉంటుంది. నల్ల టీషర్ట్ వేసుకుని పరిగెత్తి ఆరాక చూడండి, తెల్లటి చారలు దట్టంగా కనిపిస్తే మీరు ఉప్పు చెమట బాపతు. గంట లోపు పరుగుకి మామూలు నీళ్ళు చాలు. గంట దాటితే ఇంట్లోనే చేసుకోండి: లీటరు నీళ్ళు, ఒక నిమ్మకాయ, పావు టీస్పూను ఉప్పు, ఏడెనిమిది టీస్పూన్ల చక్కెర. దీంట్లో సుమారు 600 మిల్లీగ్రాముల సోడియం వస్తుంది, కొంచెం ఎనర్జీ కూడా వస్తుంది. ఎక్కువ చెమట పట్టేవాళ్ళు ఇంకో చిటికెడు వేసుకోవచ్చు. కొబ్బరినీళ్ళు బ్రహ్మాండమే కానీ వాటిలో ఎక్కువుండేది పొటాషియం, మనకి పోయేది ముఖ్యంగా సోడియం, కాబట్టి బొండాం తాగినా దాంతోపాటు ఉప్పు వేసిన మజ్జిగ కూడా తాగండి. 

ఓఆర్ఎస్ ప్యాకెట్ వాడేటట్టయితే డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడే కొనండి, లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్ళలోనే కలపండి, సగం గ్లాసులో సగం ప్యాకెట్ అనే లెక్కలు వద్దు. టెట్రా ప్యాక్‌లో తియ్యగా ఓఆర్ఎస్ పేరుతో అమ్మినవాటిలో చాలా వరకు చక్కెర ఎక్కువున్న కూల్‌డ్రింకులే, హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఆ పేరు వాడొద్దని ఆర్డర్ ఇచ్చింది. ఆవిడ చేసిన పని ఎంత పెద్దదో మనలాంటి రన్నర్లకి కూడా బాగా తెలియాలి.

తిండి గురించి ఎక్కువ చెప్పను, పరుగుకి ముందు ఒక అరటిపండో రెండు ఖర్జూరాలో, రెండు గంటలు దాటితే మధ్యలో బెల్లం పల్లీపట్టీ ముక్కలు, వచ్చాక గంటలోపు ఇడ్లీయో పెరుగన్నమో గుడ్డుతో సహా. రేస్ రోజు తినబోయేదే లాంగ్ రన్‌లో తిని చూసుకోండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం జాగ్రత్తగా చదవండి. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని మనలో ఒక నమ్మకం ఉంది, పరిగెత్తేవాళ్ళ విషయంలో అది తప్పు, ఒళ్ళంతా చెమట కారుతూ ఉండగానే వడదెబ్బ తగులుతుంది. ఒళ్ళు టెంపరేచర్ 40 దాటి మెదడు మీద ప్రభావం పడటమే దానికి గుర్తు. వేడిలో చలిగా అనిపించి రోమాలు నిక్కబొడుచుకోవడం, తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, ఇవి ముందు హెచ్చరికలు, అక్కడే ఆగిపోండి, ఆ రోజుకి రన్ అయిపోయింది. పక్కవాడు తడబడుతున్నా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్తున్నా, ఊరికే విసుక్కుంటున్నా ఆలోచించొద్దు. నీడలోకి తీసుకెళ్ళి, టీషర్ట్ తీసేసి, దొరికిన చల్లటి నీళ్ళన్నీ ఒంటి మీద పోస్తూ, మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెడుతూ విసురుతూ ఉండండి, ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. టబ్బో తొట్టో దగ్గర్లో ఉంటే చల్లటి నీళ్ళలో మెడ దాకా కూర్చోబెట్టి తల పట్టుకోవడం అన్నిటికన్నా మంచిది. ముందు చల్లార్చాలి, తర్వాత ఆస్పత్రి, మొదటి అరగంటే కీలకం. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి. జేబులో ఉల్లిపాయ పెట్టుకున్నాం కాబట్టి ఏం కాదు అని బయల్దేరేవాళ్ళని ఇప్పటికీ చూస్తున్నా, దయచేసి దాని మీద ఆధారపడకండి.

ఈ నెలల్లో ఒంటరిగా లాంగ్ రన్‌కి వెళ్ళొద్దు, ఒక్కరైనా తోడుండాలి, ఇంట్లో రూట్ చెప్పి వెళ్ళండి. ముందురోజు విరేచనాలైనా, జ్వరం వచ్చి తగ్గినా, రాత్రి మందు తాగినా, నిద్ర లేకపోయినా ఆ ఆదివారం మానేయండి. మోకాలు నొప్పి అని ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుని పరిగెత్తకండి, ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు అవి కిడ్నీల మీద దెబ్బ కొడతాయి. బీపీ మాత్రలు వాడుతుంటే, ముఖ్యంగా మూత్రం ఎక్కువ వచ్చే రకం ఉంటే, డాక్టర్‌ని అడిగాకే ఈ ప్లాన్ మొదలుపెట్టండి.

రేస్ రోజు గురించి ఒక్కటి. ఆగస్టులో హైదరాబాద్ చల్లగానే ఉంటుంది, 22, 23 డిగ్రీలు, కానీ వాన తేమ ఎక్కువ, మబ్బు లేకపోతే 8 దాటాక ఎండ కూడా చురుక్కుమంటుంది. విజయవాడలో మే నెలని తట్టుకున్న మీకు మొదటి 15 కిలోమీటర్లు ఎగిరిపోతున్నట్టు ఉంటుంది, కాళ్ళు ఎక్కడికో లాగుతాయి, వినకండి, జూలై లాంగ్ రన్‌లలో వచ్చిన సగటు పేస్ కన్నా కిలోమీటరుకి 10 సెకన్లు మెల్లగా మొదలుపెట్టి 30 దాకా అలాగే ఉండండి. ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు నడిచినా ఏం పోదు.

ప్రస్తుతానికి చెయ్యాల్సింది: ఈ ఆదివారం చెమట టెస్ట్ చేసి, ఆ అంకె, పరిగెత్తిన టైము, సగటు హార్ట్ రేట్, ఆ రోజు 5 గంటలకి డ్యూ పాయింట్ ఎంతుందో ఒక నోట్‌బుక్‌లో రాయండి. చెమట అంకె తప్ప మిగతా మూడూ మే చివరి దాకా ప్రతి ఆదివారం రాయండి. జూన్ మొదటి వారంలో అవి నాకు చెప్తే మీ జూలై లాంగ్ రన్‌లు ఏ పేస్‌లో పెట్టాలో కూర్చుని లెక్క వేద్దాం.